బాత్రూంలో కాంపౌండర్

పొద్దున్న ఆరున్నర. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. తాతయ్య లోపలికెళ్లి ఇరవై నిమిషాలైంది.

"నాన్నా, ఏడింటికి బస్సు తీయాలి! మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆపడానికి అదేమన్నా నా సొంత బండా?" బస్సు డ్రైవరైన కొడుకు తలుపు బాదుతున్నాడు.

అతని వెనక పదేళ్ల మనవరాలు అట్టముక్క ఈటె పట్టుకుని మెలికలు తిరుగుతోంది. పదింటికి స్కూల్లో నాటకం. అందులో ఆమె రాజుగారి కాపలా భటుడు. అరగంటసేపు కదలకుండా నిలబడాలి. ఈ రోజు అది అయ్యే పనిలా లేదు.

"నిన్న కూరలో ఏం కలిపావ్?" డ్రైవరు భార్య మీద విరుచుకుపడ్డాడు.

ఆమె ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోదు.

"అదే కూర నేనూ తిన్నాను. నాకేం కాలేదే! అంటే మీ ముగ్గురూ తిని, నేను తిననిది ఇంకేదో ఉంది."

మనవరాలి చెయ్యి గబుక్కున జేబు మీదికి వెళ్లింది. తల్లి అరచెయ్యి చాపింది.

"తియ్."

ఖాళీ మాత్రల రేకు బయటికొచ్చింది. యాంటీబయాటిక్!

"ఎవరిచ్చారు?"

"జలుబు ఒక్క దెబ్బకి పోతుందని... అమ్మకి మాత్రం చెప్పొద్దని..."

"ఎవరే?"

ఈటె మెల్లగా లేచి బాత్రూం తలుపు వైపు తిరిగింది.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూశాడు. "నాకూ అదే చెప్పాడు," అని గొణిగాడు.

"మావయ్యా! మాత్రల డబ్బా లోపలే ఉందా?"

జవాబుగా కొళాయి జోరుగా తిరిగింది.

"కొళాయి కట్టేయండి. మీకు వినబడుతోందని నాకు తెలుసు."

"ముప్పై రెండేళ్లు కాంపౌండర్‌గా చేశానమ్మాయ్!" లోపల్నుంచి గొంతు ఉరిమింది. "డాక్టరుగారు లేనప్పుడు ఊరంతటికీ నేనే మందిచ్చాను!"

"జలుబు తెచ్చేది వైరస్ మావయ్యా. ఈ మాత్ర దాని జోలికే పోదు. పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాని పట్టుకు బాదుతుంది. అందుకే ముగ్గురూ క్యూ కట్టారు."

"క్రిముల్లో మళ్లీ మంచివేంటి?"

ఆమె తలుపుకి దగ్గరగా జరిగింది. "మీ క్లినిక్‌లో ఎవరిది అసలు జ్వరమో, ఎవరిది దొంగ కడుపునొప్పో డాక్టరుగారికి ముందే చెప్పిందెవరు?"

"ఇంకెవరు? నేనే!"

"మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలకి ఆ పని చేసిపెట్టేది ఈ బ్యాక్టీరియానే. ఎవర్ని కొట్టాలో, ఎవర్ని వదిలెయ్యాలో వాటికి నేర్పేది ఇవే. ఇవి కడుపులో కాంపౌండర్లు. మీరు మూడు కడుపుల్లోంచి కాంపౌండర్లని తరిమేశారు!"

కొళాయి ఆగింది. గడియ తీసిన చప్పుడు. తాతయ్య మాత్రలు దాచుకున్న బిస్కెట్ల డబ్బా గుండెకి హత్తుకుని బయటికొచ్చాడు. ఆయన పక్కనుంచి డ్రైవరు మెరుపులా లోపలికి దూరాడు.

"నాన్నా! నా వంతు!" మనవరాలు ఘొల్లుమంది.

తాతయ్య కళ్లు చెమర్చాయి. "రిటైరయ్యాక ఏ మందు వేసుకోవాలని నన్ను ఒక్కరూ అడగలేదమ్మాయ్. మొన్న మేం ముగ్గురం వరసగా తుమ్ముతుంటే... నా ఉద్యోగం తిరిగొచ్చినట్టనిపించింది."

తిట్టడానికి తెరిచిన నోరు ఆమె మూసేసింది. ఆసుపత్రి డాక్టరుకి ఫోన్ చేసింది. మాత్రలు ఆపేసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించమన్నాడు.

"కొలత మీకు తెలుసు. కలపండి మావయ్యా," అంటూ ఖాళీ సీసా చేతికిచ్చింది.

వెనకట క్లినిక్‌లో మందు సీసాలకి మోతాదు గుర్తులు పెట్టినట్టే, ఆయన కాగితం ముక్కని పళ్లుపళ్లుగా కత్తిరించి సీసాకి అంటించాడు. గంటకో గీత చొప్పున తాగాలి.

నాటకంలో భటుడు పద్దెనిమిది నిమిషాలు రాయిలా నిలబడ్డాడు. తర్వాత రాజుని గాలికొదిలేసి, ఈటెతో సహా పరుగు తీశాడు. శత్రువులొచ్చారనుకుని జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మొదటి వరసలో సీసా పట్టుకున్న తాతయ్య.

పక్క కుర్చీలో కోడలు తుమ్మింది.

"మావయ్యా, నాకూ జలుబే. ఏం వేసుకోమంటారు?"

ఆయన నిటారుగా కూర్చున్నాడు. కోడలి నాడి పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు లెక్కపెట్టాడు.

"ఏమీ వద్దు. నాలుగు రోజుల్లో అదే పోతుంది. తగ్గకపోతే నాకు చెప్పు, డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా."

"అలాగేనండీ," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

ఎందుకని ఆయన అడిగితే, జలుబు వల్లేనంది.