ఉదయ్‌కుమార్ పెట్టని సంతకం

"నేను పెట్టనండి," అని ఉదయ్‌కుమార్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

రమాదేవి లోను కాగితం అతని ముందే ఉంది.

కువైట్ హవల్లీలోని ఆ ఫ్లాట్‌లో ప్రతి శుక్రవారం తెలుగువాళ్ల పొదుపు సంఘం కూడుతుంది. ఊళ్లో సోలార్ మోటారు పెట్టుకునే సభ్యులకు ఈ ఏడు నుంచి తక్కువ వడ్డీకి గ్రీన్ లోను ఇస్తున్నారు. రమాదేవికి పులివెందుల దగ్గర రెండెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఎనిమిదేళ్లు కువైట్ ఇళ్లల్లో పనిచేసి కొన్నది. బోరులో నీళ్లున్నాయి, కరెంటే రాదు. కాయ మీదున్న చెట్లు వాడిపోతున్నాయని నిన్న అక్క ఫోన్లో ఏడ్చింది.

లోనుకు ఒక జామీను సంతకం కావాలి. ఒక సభ్యుడు ఒకరికే జామీను ఉండాలన్నది సంఘం కట్టుబాటు. గదిలో అందరూ ఎవరికో ఒకరికి పెట్టేసినవాళ్లే. రహమత్ బీ మాత్రం తన సంతకం ఊరి పిల్లోడి కోసం దాచుకుంది. ఇక మిగిలింది దరఖాస్తులు రాసిపెట్టే ఉదయ్ ఒక్కడే.

మూడు నెలలుగా ఆమె కాగితాలన్నీ అతనే నింపాడు. రెసిడెన్సీ కార్డు మీది ఇఖామా నంబరు సరిచూడాలంటూ రెండుసార్లు ఫోన్ కూడా చేశాడు. ఫోన్ పెట్టేశాక ఆ గొంతు ఆమె చెవిలో చాలాసేపు ఉండిపోయేది. అలాంటివాడు ఇప్పుడు ఇలా.

పన్నెండింటికి మామా, అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, పంపే కారు వచ్చేస్తుంది. ఇంకా పది నిమిషాలే ఉంది.

"ఏం, దుడ్లు ఎగ్గొట్టి పోతాననుకుంటివా?" అంది.

ఉదయ్ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అధ్యక్షుడు నాగేంద్రబాబు కారణం చెప్పమన్నాడు.

"సొంతవాళ్లు జామీను ఉండకూడదని రూలు ఉంది కదండి."

"ఆవిడది కడప, నీది అమలాపురం. సొంతవాళ్లెలా అయ్యారయ్యా?"

"ఇంకా అవ్వలేదండి. అవ్వాలని ఉందండి. ఇవాళ సంతకం పెట్టేసి రేపు ఆ మాట అడిగితే, అప్పు చూపించి అడిగినట్టు ఉంటదండి."



నాగేంద్రబాబు రమాదేవికి నెమ్మదిగా వివరించాడు. ఉదయ్‌ని ఆమె కాదంటే రూలు అడ్డు రాదు, ఉదయ్ సంతకం పెడతాడు, లోను ఇవాళే. అవునంటే మాత్రం ఇంకో జామీను దొరికేదాకా ఆగాలి.

కింద హారన్ మోగింది.

ఒక్క 'కాదు' చాలు, చెట్లు బతుకుతాయి. రమాదేవి చున్నీ కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"ఇంకో జామీను వెతుక్కుంటా సార్," అంది.

ఉదయ్ తల ఎత్తాడు. అతని వైపు చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

రహమత్ బీ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "మా ఊరి పిల్లోడు ఒక నెల ఆగుతాడులే. యాడ పెట్టాల సంతకం?"

లోను ఇవ్వడానికి సరేననేవాళ్లు చేతులెత్తమన్నాడు నాగేంద్రబాబు. గదినిండా చేతులు లేచాయి. అన్నిటికంటే ఎత్తున ఉదయ్‌ది.

"నువ్వు దించవయ్యా," అన్నాడు నాగేంద్రబాబు. "సొంతవాళ్లకి ఓటు లేదు."

రమాదేవి నవ్వు చున్నీలో దాచుకుని మెట్ల వైపు పరుగెత్తింది.