గ్రీన్ అంటే డ్యూటీలో ఉన్నట్టే

హేమలత వేలిముద్ర వేసి "బతికే ఉన్నారు" అంది. గాజుగది తలుపు తెరుచుకుంది. లోపలున్న రిటైర్డ్ డ్రైవర్ దండం పెట్టి, తోటివాళ్లున్న టీ బడ్డీ వైపు నడిచాడు.

డోర్నకల్ జంక్షన్‌లో ఆమె జీవసాక్షి. రైల్వేను వాయుపథ సంస్థకు అమ్మినప్పుడు, పాత కార్మికులు విశ్రాంతిలో ఉన్నంతకాలం పింఛన్ సర్కారే ఇస్తుందని చట్టం చేశారు. వాళ్లు బతికున్నారని ఏటా ఒక మనిషి కళ్లారా చూసి చెప్పాలి. ఇన్నాళ్లూ ముఖం చూస్తే సరిపోయేది. ఈ ఏడు వాయుపథం గాజుగదిలో సిగ్నల్ దీపం పెట్టింది. దీపం రంగు చెబితేనే బతికున్నట్టట, నకిలీ ముఖాలు జవాబు చెప్పలేవట. అబ్బో, ముసలివాళ్ల ప్రాణాల మీద ఎంత శ్రద్ధ!

హేమలతకు ఇది మింగుడుపడలేదు. పరీక్షే అయితే ఒక్కసారైనా ఎర్ర దీపం వెలగాలి కదా? పొద్దుట్నుంచీ అందరికీ పచ్చే. పైగా బయటికొచ్చిన ప్రతివాడి మణికట్టుకు సంస్థ కట్టిన, మాట వినే పట్టీ నీలం నుంచి పసుపులోకి మారుతోంది.

"పసుపంటే ఏంది?" అని గదిని నడిపే యంత్రం గొంతును, నిర్వాహికను, అడిగింది. సాక్షి అడిగితే అది అబద్ధం చెప్పకూడదు.

"విధిలో ఉన్నారని. ప్రతి బండికీ ఒక మనిషి సిగ్నల్ చూసి పలకాలని చట్టం. ఆయన గ్రీన్ అన్నారు, గూడ్సు కదిలింది. బండి నడిపేవారు విశ్రాంత కార్మికులు కారు."

"మరి పింఛన్?"

"హామీ విశ్రాంత కార్మికులకే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది కడుపు కొట్టడానికి తన వేలే దొరికిందా?

తరువాతి వంతు ఏసురత్నానిది. ఆయనా హేమలతా ఒకే క్వార్టర్స్ వరసలో ఉంటారు. బయట బెంచీ మీద ఆయన భార్య ధనమ్మ కూర్చుంది. ఇద్దరి బువ్వా, ఆమె గుండె యంత్రం అద్దె కూడా ఆ పింఛన్ మీదే గడుస్తున్నాయి.

సాక్షి గదిలోకి వెళ్లకూడదు. హేమలత తలుపు తోసుకుని వెళ్లింది.

"పెద్దనాయినా, గ్రీన్ అనకు. అంటే డ్యూటీల ఉన్నట్టు రాసుకుంటది. నీ పింఛన్ పాయె!"

"అయితే ఊకుంటా."

"ఊకుంటే సచ్చినట్టు రాసుకుంటది."

"థూ, పాపిష్టోళ్లు!"

దీపం వెలిగింది. పచ్చ. ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఇంజన్‌లో ఒకరు చెయ్యెత్తి రంగు చెబితే రెండోవారు అలాగే తిరిగి పలకాలి. ఆ అలవాటు ఆయన ఒంట్లోకి ఎంతగా ఇంకిందంటే, పెళ్లికి వెళ్తూ రైలు కిటికీలోంచి సిగ్నల్ కనిపించినా నోరు ఆగదు.

హేమలత ఆ చెయ్యి పట్టుకుంది. "రెడ్ అను. జవాబిస్తివి గద, బతికున్నట్టే. బండి కదలదు, డ్యూటీ ఉండదు."

ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. "గ్రీన్‌ను రెడ్ అనాల్నా? నా సర్వీసుల ఒక్కసారన్న రంగు తప్పు జెప్పిన్నా? నా మాట మీద బండెడు జనం నిమ్మళంగ పండేటోళ్లు, బిడ్డా!"

హేమలతకు సిగ్గేసింది. అద్దం అవతల ధనమ్మ, మొగుడి చెయ్యి లేవడం చూసి మురిసిపోతోంది.

"జవాబు చెప్పండి," అంది నిర్వాహిక.

ఏసురత్నం భార్య వైపు చూశాడు. కళ్లు నిండాయి. నిటారుగా నిలబడి, ఇంజన్ హోరును దాటి వినిపించాల్సినవాడిలా అరిచాడు.

"రెడ్!"

టీ బడ్డీ దగ్గరున్న డ్రైవర్లు గ్లాసులు దించారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పసుపు పట్టీల చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

"రెడ్!"

ప్లాట్‌ఫారం వదులుతున్న గూడ్సు కీచుమంటూ ఆగింది. దాని వెనకది ఆగింది. స్టేషన్ తెరల మీద ఖమ్మం వైపు, కాజీపేట వైపు బండ్లు వరసగా నిలిచిపోయాయి.

"విధిలో ఉన్నవారందరూ రెడ్ అన్నారు," అంది నిర్వాహిక. "దీపాలు గ్రీన్‌లో ఉన్నాయి. జీవసాక్షి కారణం చెప్పాలి."

హేమలత ఏసురత్నం పక్కనే నిలబడింది.

"నన్నెందుకు అడుగుతవు? డ్యూటీల ఉన్నది వాళ్లేనంటివి గద. వాళ్లనే అడుగు."