ఫ్రీజర్‌కి జ్వరం

"నీకు ఫ్రీజర్ రిపేరు వచ్చా?" అడిగాడు చీఫ్.

"రాదు సార్."

"సరే. రేపు పదింటికి మెకానిక్‌వి నువ్వే."

డిపార్ట్‌మెంటులో అతన్ని ఉడుం అంటారు, పట్టుకుంటే వదలడని. అసలు పేరుతో పిలిచేది వాళ్ల అన్నయ్య ఒక్కడే.

చీఫ్ ఫైల్ తెరిచాడు. ఒక రీసెర్చ్ సెంటర్ ఇరవై ఏళ్లుగా నాలుగు వేలమంది మగవాళ్ల రక్తం దాచి ఉంచింది. "ఒంట్లో క్రిమి దూరితే ఇమ్యూనిటీ సైన్యాన్ని పంపుతుంది. శత్రువు చచ్చినా కొందరిలో ఆ సైన్యం వెనక్కి రాదు. అక్కడే మంట పెట్టుకుని కూర్చుంటుంది. అదే ఇన్‌ఫ్లమేషన్. ఆ మంట ఎవరిలో ఆరుతుంది, ఎవరిలో ఆరదు అన్నదాంట్లో జీన్స్‌కీ వాటా ఉంది. మరి దానివల్ల ప్రోస్టేట్ కేన్సర్ రిస్క్ పెరుగుతుందా? వీళ్ల స్టడీ అదీ."

"పెరుగుతుందా సార్?"

"అదే తేలుస్తున్నారు. రేపు పదకొండుకి డేటా లాక్. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా అంకె మార్చలేడు. ఈలోగా ఒక విదేశీ ముఠా ఏ పాపమూ ఎరగని ఒక జీన్ తేడా మీద నేరం మోపాలని చూస్తోంది. దాన్ని కనిపెట్టే టెస్ట్ కిట్ వాళ్ల దగ్గర రెడీగా ఉంది. కిట్‌లో ఆ తేడా బయటపడ్డ ప్రతివాడికీ ప్రోస్టేట్ గ్రంథి తీసేయడానికి ఆస్పత్రులూ రెడీ."

ఉడుం ఫైల్ తనవైపు లాక్కున్నాడు. నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. అన్నయ్య ఆ స్టడీకి రక్తం ఇచ్చాడు, ఇచ్చిన రోజునుంచీ బెదిరిపోయి ఉన్నాడు. తెల్లకోటు వేసుకున్న ఎవరు ఆపరేషన్ అన్నా ఆలోచించకుండా సంతకం పెట్టేస్తాడు.

"లోపల మన మనిషి ఒకామె ఉంది," అన్నాడు చీఫ్. "స్టాటిస్టీషియన్. లెక్కల రాణి అంటారు. ఆమె దగ్గర ఆధారం ఉందట."

మర్నాడు ఉడుం నీలం ఓవరాల్ వేసుకుని, అద్దె మీసం పెట్టుకుని, ట్రాన్స్‌మిటర్ ఉన్న పెన్ను జేబులో పెట్టుకుని దిగాడు. కోల్డ్ రూం తలుపు దగ్గర స్టోర్ చూసుకునే పెద్దావిడ, అందరికీ పిన్నిగారు, గోడమీద డయల్ చూసి చార్టులో పెన్సిల్‌తో రాస్తోంది. పదిన్నర, మైనస్ ఇరవై. అరగంటకోసారి రాస్తుందట. ఆవిడ తాళంచెవి తిప్పితే తప్ప డైరెక్టర్ కూడా డేటా లాక్ చెయ్యలేడు.

"కంప్యూటర్ రాసుకుంటుందిగా పిన్నిగారూ?"

"రాసుకుంటుంది నాయనా. చూడదుగా. సరే, త్వరగా కానియ్యి, ఆర్నెల్ల నుంచీ మూలుగుతోంది ఇది."

పిన్నిగారు అటు వెళ్లగానే ఇటు సెంటు వాసన వచ్చింది, దాని వెనక పట్టు స్కార్ఫుతో లెక్కల రాణి వచ్చింది.

"మూలుగు ఎప్పుడు మొదలైంది?" కోడ్ అడిగాడు ఉడుం.

"పెళ్లయిన మర్నాటి నుంచి," కోడ్ చెప్పింది రాణి. "ఆధారం లోపల ఉంది. రెండో అర."

రెండో అరలో ఏమీ లేదు. వెనక తలుపు మూసుకుంది. లోపలివైపు హ్యాండిల్ ఉండాల్సిన చోట ఖాళీ స్క్రూ కన్నాలు ఉన్నాయి. తలుపు పక్కన స్పీకర్ గరగరలాడింది.

"అలారం వైరు కోసేశాను. ఊరికే కష్టపడకు," అంది రాణి. "అంకెలు నిన్ననే మార్చాను. మీ అన్నయ్య రిపోర్టూ చూశాను. ఆ తేడా ఆయనలో ఉంది. దానివల్ల ఏమీ కాదు. కానీ పదకొండు తర్వాత అవుతుంది."

స్పీకర్ ఆగిపోయింది.

పెన్ను నొక్కాడు. చలికి బ్యాటరీ చచ్చింది. తలుపు బాదాడు. జానెడు మందం తలుపు, బయట చీమకైనా వినపడదు. చిన్న అద్దం మంచు పట్టి తెల్లబడింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఉద్యోగంలో ఎన్నోసార్లు ఇరుక్కున్నాడు గానీ, అన్నయ్య రక్తం పక్కనే నిలబడి ఇరుక్కోవడం ఇదే మొదలు. ఉడుంకి నిజంగా భయం వేసింది.

అప్పుడు మూలన సన్నటి లోహపు కడ్డీ కనిపించింది. దాని వైరు గోడలోంచి బయటి డయల్‌కి వెళ్తోంది. పిన్నిగారు రాసుకునేది దాని మాటే.

డబ్బాలెక్కి, గుండీలు విప్పి, కడ్డీని చంకలో పెట్టుకున్నాడు. చర్మం చురుక్కుమని అంటుకుపోయింది. మిషన్‌కీ అదే కడ్డీ లెక్కలా ఉంది, గది వేడెక్కిందనుకుని ఫ్యాన్లు హోరెత్తించింది. ఇతను కడ్డీని వేడి చేసినకొద్దీ అది గదిని చల్లబరుస్తోంది. లేని శత్రువు మీద సైన్యం. చీఫ్ చెప్పింది అప్పుడు ఒంటికి బాగా అర్థమైంది.

దిగి తలుపు బాదాలనిపించింది. దిగితే డయల్ పడిపోతుంది. అలాగే పట్టుకున్నాడు. మీసం గడ్డకట్టి ఊడి పడింది.

పదకొండుకి రెండు నిమిషాలు. అద్దం మీద రెండు నీడలు కదిలాయి. చిన్న నీడ ఆగింది. పొడుగు నీడ దాని చెయ్యి పట్టి లాగింది. చిన్న నీడ కదల్లేదు. తలుపు తెరుచుకుంది.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యండి పిన్నిగారూ, డైరెక్టర్‌గారు ఎదురుచూస్తున్నారు," అంటోంది రాణి.

"ముప్పైరెండు చూపిస్తోందమ్మా. ఇరవై ఏళ్లలో ఫ్రీజర్‌కి జ్వరం రావడం ఎప్పుడూ చూళ్లేదు," అంటూ తలెత్తి డబ్బాల మీద మనిషిని చూసింది. "నాయనా, మీసం ఏదీ?"

"తాళం తిప్పొద్దు," పళ్లు టకటకలాడుతుంటే అన్నాడు ఉడుం. "అంకెలు ఈవిడ మార్చింది. గొట్టాల్లో రక్తం ఉందిగా, మళ్లీ టెస్ట్ చెయ్యండి."

రాణి వెనక్కి రెండడుగులు వేసింది. పిన్నిగారు నిదానంగా తాళంచెవి జాకెట్లో దోపుకుని, రాణి స్కార్ఫు కొస తన ముంజేతికి చుట్టుకుని, సెక్యూరిటీని పిలిచింది.

సాయంత్రం ఆస్పత్రి మంచం మీంచి ఉడుం అన్నయ్యకి ఫోన్ చేశాడు. "ఎవరేం చెప్పినా నన్నడక్కుండా సంతకం పెట్టకు." "అదేంట్రా, గొంతు అలా ఉంది?" "జలుబు."

డిపార్ట్‌మెంటుకి చేరిన సాక్ష్యాల్లో పిన్నిగారి చార్టు కూడా ఉంది. పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలతో: "10.58. ప్లస్ ముప్పైరెండు. కారణం: లోపల మెకానిక్. తీసుకున్న చర్య: బయటికి తీశాను. గమనిక: రిపేరు మాత్రం చెయ్యలేదు."