కొత్తవాడలో కాంగో ప్రార్థన

ఆ గురువారం పొద్దున కూడా పేపరు ఏడింటికల్లా వచ్చేసింది. గట్టయ్య సారు ఎప్పటిలాగే వరండాలో కుర్చీని వంటింటి వైపు తిప్పుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"సైప్రస్ దీవిల మల్ల కాల్పులట. ఇటు గ్రీకులు, అటు తుర్కులు, నడిమిట్ల ఐక్యరాజ్యసమితి ఫౌజు. ఇన్నవా?"

వంటింట్లోంచి జవాబు రాలేదు. జవాబు చెప్పడానికి అక్కడ సమ్మమ్మ లేదు. ఆమె పోయి ఆరు రోజులైంది.

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయన ఆమెకు పేపరు చదివి వినిపించని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమెకు అక్షరం ముక్క రాదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, పొయ్యి ఊదుకుంటూ "ఊఁ" అనేది. మధ్యమధ్యలో "మరి ఆళ్ల పిల్లలెట్ల?" అనేది. యుద్ధం ఎక్కడైనా, ఏ రాజ్యం కూలినా ఆమె ప్రశ్న అదొక్కటే. వింటుందో లేదో ఆయనెప్పుడూ పట్టించుకోలేదు. మునిసిపల్ బడిలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పిన మనిషి, ఎదురుగా ఒకరు కూర్చుంటే చాలు, ప్రపంచమంతా చుట్టివచ్చేవాడు.

"ఎవలకు చదువుతున్నవ్ బాపూ?"

కూతురు నిర్మల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ములుగు దవాఖానలో నర్సు. తల్లి గుండె నొప్పి అని కబురు రాగానే జీపు పట్టుకుని వచ్చింది గానీ, ఆమె వచ్చేసరికే అంతా అయిపోయింది.

"ఎవలకు లేదు. నాకే," అన్నాడు గట్టయ్య. పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

పొయ్యి వెలగని వంటింట్లో నిర్మల క్యారియరు విప్పింది. చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక అయ్యేదాకా పొయ్యి వెలిగించనివ్వకపోవడం వాళ్ల క్రైస్తవ సంఘంలో ఆనవాయితీ. పూటకొక ఇంటి నుంచి అన్నం వస్తుంది. కూడిక రోజున అందరూ వచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ ఇంటి పొయ్యి మీదే టీ కాచుకుని తాగి, దుఃఖంలో ఉన్నవాళ్లను మళ్లీ మనుషుల్లో కలుపుకుంటారు.

"ఇయ్యాల ఎవలింటి అన్నం?" అనడిగాడు గట్టయ్య.

"యాకోబు చిన్నాయన ఇంటి నుంచి."

ఆయన కంచం పక్కకు జరిపాడు. "ఆకలి లేదు."

నిర్మల ఆ కంచమే ముందు పెట్టుకుని, తల వంచుకుని, తానే తినేసింది.

తొమ్మిదింటికి యాకోబే వచ్చాడు. సంఘ పెద్ద. ఒకప్పుడు గట్టయ్యకు ప్రాణస్నేహితుడు, ఇద్దరూ ఒకే సైకిలు మీద తిరిగినవాళ్లు. మూడున్నరేళ్లుగా మాటల్లేవు. సమాధుల తోటలో కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇవాళ చెప్పులు బయట విడిచి, కండువా సర్దుకుని, అరుగు అంచున కూర్చున్నాడు.

"ఆదివారం సాయంత్రం కూడిక పెట్టుకుందం సారూ. పాస్టరు అయ్యగారు అయిదింటికి వస్తమన్నరు. మీ ఇంట్లనే."

"మా ఇంట్ల వద్దు."

"మరెక్కడ?"

"మీ గుడిల పెట్టుకోండ్రి. ఆమె మీ మనిషి. నేను కాదు."

యాకోబు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పాత ముచ్చట ఇంక మనసుల పెట్టుకున్నరా?"

"పాతదా? ఆనాడు నేనేమడిగిన యాకోబూ? ఆఫ్రికాల కాంగో దేశపోళ్లు ఎన్నుకున్న ప్రధానమంత్రిని, లుముంబాను, చేతులు యెనకకు గట్టి లారీ ఎక్కించిండ్రు. ఆయన పాణం దక్కాల్నని ప్రార్థన చెయ్యమన్న. అంతేనా కాదా? నిండు సంఘంల నువ్వేమన్నవ్?"

"రష్యావోళ్ల దోస్తు అన్న. అందరనుకునేదే అన్న. దేవుడే లేడనేటోళ్లతోని తిరిగేటోని కోసం సంఘం మోకాళ్ల మీద ఉండాల్నా? మన పిల్లలకు పాలపిండి పంపేది అమెరికోళ్లు సారూ, రష్యావోళ్లు కాదు."

"పాలపిండి తాగి నోరు మూసుకోవాల్నంటవ్."

"నేను గట్ల అనలే. మీరు పేపర్లున్నోళ్ల కోసం కొట్లాడి కొట్లాడి, ఇంట్లున్నోళ్లను మర్సిండ్రు. సమ్మక్క మూడేండ్లు ఒక్కతే గుడికొచ్చింది. ఒక్కతే పోయింది. అది నేను చూసిన."

గట్టయ్య లేచి నిలబడ్డాడు. "నా ఇంట్ల కూసొని నా పెండ్లాం సంగతి నాకు చెప్పకు. లెవ్వు."

యాకోబు లేచాడు. చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. గేటు దాటేదాకా నిర్మల కదలకుండా చూసి, అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"నెహ్రూ పోయిన్నాడు హోటల్ రేడియో కాడ ఏడ్చినవట గద బాపూ. ములుగు దాంక వచ్చింది ఆ ముచ్చట."

"ఏడ్చిన. అయితే?"

"అమ్మ పోయి ఆరు రోజులు. నీ కంట్ల ఒక్క చుక్క రాలే. కూడికన్న పెట్టుకుందమంటే నీకు కాంగో అడ్డమొచ్చింది. లోకంల ఎవలకు దెబ్బ తాకినా నీకు నొస్తది, పక్కల ఉన్నోళ్లకు నొస్తే నీకు తెల్వదు. గుండెల నొస్తాందని అమ్మ ఎన్ని దినాల సంది అన్నదో, చెప్పు?"

నిజంగానే ఆయనకు తెలియదు.

"కూడిక యాకోబు చిన్నాయన ఇంట్లనే పెడతం," అంది నిర్మల. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "నువ్వు రాకు. సోమవారం పొద్దుగాల బస్సుకు నేను పోత. అమ్మ లేదు, అమ్మ కూడిక కూడ ఈ ఇంట్ల లేదు. మల్ల నేనెందుకు రావాలె ఈడికి, నువ్వే చెప్పు."

ఆమె లోపలికి వెళ్లి తలుపు దగ్గరికేసుకుంది.

ఆ మధ్యాహ్నం గట్టయ్యకు ఎంత పొడుగ్గా గడిచిందో. పక్కింటి మగ్గం మీద జంపఖానా నేస్తున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆయన వాకిట్లోకి వెళ్లాడు, మళ్లీ లోపలికి వచ్చాడు. గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగకుండానే దించాడు. అల్మారాలో ఆమె చీరలు నాలుగున్నాయి, ముట్టుకోబోయి మానేశాడు. సోమవారం తర్వాత ఈ ఇంట్లో ఉండేది తానొక్కడే. అది తెలుస్తూనే ఉంది. కూతురి గది తలుపు దాకా వెళ్లాడు కూడా, కానీ ఏమని పిలవాలో తోచలేదు. ప్రపంచంలో ప్రతి దేశం రాజధాని తెలిసిన మనిషికి ఒక్క మాట దొరకలేదు.

మూడింటికి గేటు చప్పుడైంది. ముగ్గురు ఆడవాళ్లు. ముందు నడుస్తున్నది యాకమ్మ, ఇదే వాడలో జంపఖానాలు నేసే మనిషి. వేళ్ల సందుల్లో ఇంకా రంగు ఉంది. వెనక కమల, ఆమె పక్కన ముసలి బక్కమ్మ.

"సారూ, జర లోపలికి రావచ్చునా?" అంది యాకమ్మ. "ఇయ్యాల గురువారం. ఆడోళ్ల కూడిక ఇంటికొక వారం పెట్టుకుంటం. ఈ వారం సమ్మక్క వంతు. మనిషి లేకపోయినా వంతు తప్పియ్యద్దని వచ్చినం. పది నిమిషాలే."

ఎందుకో ఆయన కాదనలేకపోయాడు. తల ఊపి తాను వరండాలోనే ఉండిపోయాడు. లోపల చాప పరిచిన చప్పుడు. నిర్మల కూడా వచ్చి కూర్చున్నట్టుంది. సన్నగా ఒక పాట పాడారు, ఒక్క గొంతు తక్కువైనట్టు అది మధ్యలో కుంటింది. తర్వాత యాకమ్మ ప్రార్థన. కమల కొడుకు పరీక్ష తప్పాడు, వాడికి బుద్ధి ఇమ్మంది. బక్కమ్మ మోకాళ్లు చల్లగా చూడమంది. నిర్మలను తల్లిలేని పిల్లని గుర్తు పెట్టుకొమ్మంది. గట్టయ్య సగం వింటూ సగం వినకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తండ్రీ, కాంగో దేశంల జైల్లున్న లుముంబాను గుర్తు చేసుకో. ఆయన చేతుల కట్లు ఇప్పు. పెండ్లాం పిల్లల కాడికి తోలియ్యి. మా సమ్మక్క అడిగిన ప్రార్థనాంశం ఇది. ఆమె నీ దగ్గరికే వచ్చింది, నువ్వే ఆమెకు జవాబు చెప్పు."

గట్టయ్య లేచాడు. లేచిన సంగతి ఆయనకే తెలియదు. "ఆమేన్" అని వాళ్లు కళ్లు తెరిచేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏమన్నవ్ యాకమ్మా? ఎవలి కోసం?"

యాకమ్మ కొంగు సర్దుకుంది. "తప్పయితే మాఫ్ చెయ్యండ్రి సారూ. మీకు చెప్పద్దన్నది సమ్మక్క. ఆ ఆదివారం గుడిల మీరు అలిగి లేచిపోయిండ్రు గద. ఆ గురువారమే మా కాడికి వచ్చి, 'మా సారు అడిగినదాన్ని మొగోళ్లు కాదన్నరు. మన దాంట్ల పెట్టుకుందాం' అన్నది. మా తాన ఒక పద్ధతి ఉన్నది సారూ. అంశం తెచ్చినామె, జవాబు దొరికింది అని లేచి సాక్ష్యం చెప్పేదాక మేము విడువం. ఆమె చెప్పలే. మేము విడువలే."

"ఎన్నాళ్ల సంది?"

"అప్పటి సందే. మూడేండ్లు దాటె. ఒక్క వారం తప్పలే."

"కాంగో ఎక్కడున్నదో మాకు తెల్వదు," అంది బక్కమ్మ. "సమ్మక్కను అడిగితే, 'చానా దూరం, మా సారుకు తెలుసు' అనేది. గంత గర్వం ఆమెకు."

గట్టయ్య గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"ఆయన లేడమ్మా. ఆ చలికాలమే చంపేసిండ్రు. మీరు ప్రార్థన మొదలుపెట్టిన రెండు నెలలకే పేపర్ల వచ్చింది."

యాకమ్మే మెల్లగా అడిగింది. "మరి సమ్మక్కకు చెప్పలేదా సారూ?"

"చెప్పలే."

ఆ రోజు ఆయనకు బాగా గుర్తుంది. వార్త చదివి పేపరు మడిచేశాడు. "ఇయ్యాల ఏం లేదా?" అని సమ్మమ్మ వంటింట్లోంచి అడిగింది. "ఏం లేదు," అన్నాడు. చెబితే ఏడుస్తానని భయం. యాకోబు గెలిచినట్టవుతుందని రోషం. మర్నాటి నుంచి వేరే దేశాలు చదివాడు. ఆమె కూడా మళ్లీ అడగలేదు. లుముంబా బతికే ఉన్నాడనుకుంది. తనకు జవాబు రాలేదేమని, వారం వారం మోకాళ్ల మీద ఓపిక పట్టింది.

ఆమె వినేది. ప్రతి మాటా వినేది. అంతే కాదు, ఆయన గుడిలో విసిరేసి వచ్చినదాన్ని ఏరుకుని తెచ్చి ఇన్నాళ్లు మోసింది. తనేమో ఆమె గుండెలో నొప్పి సంగతి ఒక్కనాడైనా వినలేదు.

గట్టయ్య గడప మీదే కూలబడ్డాడు. ఆరు రోజులుగా రాని ఏడుపు వచ్చేసింది. పెద్దమనిషి ఏడుపు అది, చూడలేనట్టుంది. కమల మొహం తిప్పుకుంది. నిర్మల వచ్చి పక్కన కూర్చుంది.

"నొప్పి అన్నదా బిడ్డా, నీతోని అన్నదా?" అన్నాడు.

"ఉత్తరం రాయించింది బాపూ. నీకు చెప్పకు, ఫికర్ చేస్తడు అని రాయించింది." నిర్మల ఏడుస్తోంది. "నేను కూడ సెలవు దొరికినంక పోదాంలే అనుకున్న. నిన్నొక్కన్నే అన్న పొద్దున."

యాకమ్మ నిట్టూర్చింది. "సచ్చినోన్ని ఇడిపియ్యమని మూడేండ్లు అడిగినం. దేవుడు నవ్వుకున్నడో ఏమో."

"ఊకె పోతదా ప్రార్థన?" అంది బక్కమ్మ కోపంగా. "ఆయన పెండ్లాం ఉన్నది గద. ముండమోసి పిల్లలతోని ఏ మూలనో ఉన్నది గద. ఆమెకు ముట్టి ఉంటది."

గట్టయ్య తలెత్తి ఆ ముసలామెను చూశాడు. పేపర్లలో ఎన్ని సంపాదకీయాలు చదివాడో, ఏ ఒక్కటీ లుముంబా భార్య సంగతి రాయలేదు.

"నిర్మలా," అన్నాడు, "యాకోబు ఇంటికి నేను పోయొస్త. ఆదివారం కూడిక ఈడనే."

ఆదివారం అయిదింటికి ఇల్లంతా మనుషులు. యాకమ్మ తెచ్చిన రెండు కొత్త జంపఖానాలు పరిచారు. అయ్యగారు వాక్యం చదివారు. పాటలయ్యాయి. ప్రార్థనాంశాలు ఎవరివైనా ఉంటే చెప్పమని యాకోబు అడిగాడు. గట్టయ్య లేచి నిలబడ్డాడు. గది ఒక్కసారి బిగుసుకుపోయింది. సారు లేచాడంటే ఏ దేశం ఊడిపడుతుందోనని ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. యాకోబు మాత్రం తల వంచుకుని, ఏం చెప్పినా సరేనన్నట్టు నిలబడ్డాడు.

"నా కోసం చెయ్యండ్రి," అన్నాడు గట్టయ్య. "అన్నం సయిస్తలేదు. నిద్ర పడతలేదు. ఒక్కన్నే ఉండుడు నాకు తెల్వదు."

అంతే చెప్పి కూర్చున్నాడు.

యాకోబు ప్రార్థన అంటే సంఘంలో పేరు. బైబిలు భాషలో గడగడా సాగిపోతుంది, పావుగంటకు తక్కువ ఉండదు. ఆయన వచ్చి గట్టయ్య పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు. ఆ పెద్ద మాటల్లో ఒక్కటీ రాలేదు.

"తండ్రీ," అన్నాడు చివరికి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే. "మా గట్టయ్యకు నిద్ర పట్టనియ్యి. నాలుగు ముద్దలు తిననియ్యి. ఒక్కడైపోయిండు."

ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. వంటింట్లో నిర్మల పొయ్యి వెలిగించింది. ఆ గదిలో అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు. గట్టయ్య ఒక్కడే కళ్లు తెరిచి, తన ఇంట్లో కూర్చున్న ఒక్కొక్క మొహాన్నీ చూస్తూ ఉండిపోయాడు.