తొండపెట్టె కడిగిన మధ్యాహ్నం

లీలాకుమారికి ఆ తొండంటే ఒళ్ళుమంట. మూరెడు పొడుగు, ఒళ్ళంతా ముళ్ళు, మనిషిని చూసి రెప్పైనా వాల్చదు. గల్ఫ్‌లోనే దూరపు ఊరు రువైస్‌లో ఉద్యోగం చేసే భర్త విల్సన్, కూతురికి తోడుంటుందని దాన్ని కొనుక్కొచ్చి, దొరబాబు అని పేరు పెట్టి, మళ్ళీ బస్సెక్కేశాడు. ఎనిమిదేళ్ళ యూనిస్ ఆ దొరగారి నీళ్ళగిన్నెను వంటింటి సింకులో కడిగి, అదే చేత్తో బిస్కెట్టు తింది. జ్వరం, విరేచనాలు, ఆస్పత్రిలో సెలైన్లు. పిల్ల ఏడుస్తుంటే తొండను ఎవరికీ ఇవ్వనని విల్సన్ ఫోన్లో ప్రమాణం చేశాడు. ప్రమాణం ఆయనది, చాకిరీ తనది.

యూనిస్ నిన్ననే ఇంటికొచ్చింది. తొండ మీది క్రిములు మళ్ళీ సోకితే తట్టుకోలేదని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే లీలాకుమారి ఆదివారం మధ్యాహ్నం పిల్లను పడుకోబెట్టి, గది తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కి మరీ పనికి దిగింది. చేతులకు గ్లవుజులు, ముక్కుకు మాస్కు. తొండను చిల్లుల మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించింది. అది ఉండే అద్దాల పెట్టెలో పరిచిన కాగితాలు, రెట్టలు సంచిలో మూటకట్టింది. అద్దాలను సబ్బునీళ్ళతో తోమింది. రాళ్ళు, కొమ్మ, గిన్నె బాత్రూంలో బకెట్లో వేసి, కెటిల్లో కాగిన నీళ్ళు వాటి మీద పోసింది. వంటింటి ఛాయలకు ఏదీ పోనివ్వలేదు. ఆమె బర్న్స్ వార్డు నర్సు. ఏ పనైనా పద్ధతిగానే చేస్తుంది.

బయట దుమ్ముగాలి. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక పాత విల్లా వెనక వాటా వాళ్ళది. కిటికీలో ఎండ మట్టిరంగుకు తిరిగింది. విల్లా యజమాని ఇంట్లో వంటచేసే అమీనాబీ, రాయచోటి ఆవిడ, యూనిస్‌కు గంజి తెచ్చి బాత్రూం గుమ్మంలో నిలబడింది. బకెట్లోంచి లేస్తున్న ఆవిరి చూసి, వేడినీళ్ళు డ్రైనులో వంపేముందు బిస్మిల్లా అనాలంది. నోరు రాకపోతే మీ ప్రభువు పేరైనా తలుచుకో, కనీసం తప్పుకోండి అని కేకెయ్యి, కింద జిన్నుల పిల్లాజెల్లా ఉంటారంది.

"డ్రైనులో బొద్దింకలు తప్ప ఎవరుంటారు ఖాలా? వాటికీ వీసాలు కొట్టించావా?" అంది లీలాకుమారి. అని, బకెట్ వంపేసింది.

ఆవిరి గుప్పుమంది. మాస్కులోంచి కూడా వాసన తగిలింది. సబ్బుది కాదు. తొండదీ కాదు. రోజూ వార్డు తలుపు తియ్యగానే కొట్టే వాసన... కాలిన చర్మం.

డ్రైను జాలీ కింద ఎవరో ఊపిరి పీల్చారు.

ఒళ్ళు కాలిన పసిపిల్లలు వెంటనే ఏడవరు. ముందు గుండెల నిండా ఊపిరి లాగుతారు. ఎంత లాగితే అంత పెద్ద ఏడుపు. కింద ఆ ఊపిరి లాగుతూనే ఉంది... ఆగడం లేదు...

అమీనాబీ గంజిగిన్నె నేల మీద పెట్టేసింది. "ఏడ్చిందా?" అని గుసగుసగా అడిగింది.

"లేదు. ఊపిరి పీలుస్తోంది, అంతే."

"ఐతే దాని తల్లికి ఇంకా వినబడలేదు. ఏడవనియ్యకు బేటా."

లీలాకుమారి డ్రైను మీదికి వంగింది. వసారాకు అవతల తన పిల్ల ఉంది. కాలిన ఒంటికి ముందు చల్లనీళ్ళు. చెయ్యి దానంతటదే పోయి పంపు తిప్పింది. ఆగస్టు నెల. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు పొగలు కక్కుతూ దూకాయి.

కింద ఊపిరి ఎగిసింది. గోళ్ళు జాలీని గీరాయి.

పంపు కట్టేసింది. వంటింట్లోకి పరుగెత్తి, ఫ్రిజ్‌లోని సీసాలన్నీ చంకనేసుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని సన్నధారగా పోసింది. వార్డులో పిల్లలతో మాట్లాడే గొంతుతో మాట్లాడింది. అయిపోయింది తల్లీ... అయిపోయింది... మంట పోతుంది... ఏడవకు నా బంగారం...

ఒక సీసా. ఇంకొకటి. లాగిన ఊపిరి కొంచెం కొంచెంగా వదులైంది. చివరికి ఒక వెక్కు... ఆ తర్వాత ఏమీ లేదు. నీళ్ళు ఇంకుతున్న చప్పుడే.

ఏడవలేదు.

లీలాకుమారి మాస్కు లాగేసి గోడకు చేరగిలబడింది. అప్పుడు గుమ్మం పక్కన డబ్బాలో తొండ కనబడింది. గొంతు ఉబ్బించి నోరు తెరిచింది. బెదిరినప్పుడల్లా అయ్యేట్టే, మెడకింద చర్మం బొగ్గులా నల్లబడింది. అది డ్రైను వంక చూడటం లేదు. డబ్బా గోడకు ముట్టె నొక్కిపెట్టి, వసారాకు అవతల యూనిస్ పడుకున్న గది తలుపు వంక చూస్తోంది.

తలుపు కింద కుక్కిన తువ్వాలు తడిసి ఉంది. గదివైపు నుంచి.

లీలాకుమారి తలుపు తోసింది. యూనిస్ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. వీపు లేస్తోంది, దిగుతోంది. ఒంటి మీద బొబ్బ లేదు, గీత లేదు. మంచం చేరి పిల్లను ఎత్తుకోబోయింది.

అమీనాబీ వెనకనుంచి రెక్క పట్టుకుని ఆపింది.

"జుట్టు ఎవరు దువ్వారు?" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

జ్వరం వచ్చినప్పటినుంచి ఆ జుట్టుకు దువ్వెన తగల్లేదు. ఇప్పుడు నున్నగా, తడిగా, తల నిండా సన్నసన్న జడలు. అన్నీ బిగించి అల్లినవే. చెవి పక్కన ఒక్కటి మాత్రం సగంలో ఉంది. దాని మూడు పాయలూ దిండు మీద పడి లేవు. ఎవరో వేళ్ళతో పట్టుకున్నట్టు, బిగుతుగా, గాల్లో నిలబడి ఉన్నాయి.