నేల మీద నీడ

ఆ శనివారం పొద్దున సెలీన్ తండ్రిని పోగొట్టుకుంది. రాబర్ట్‌సన్‌పేటలో, చర్చి కొత్త హాలు మీద, పట్టపగలు.

హాలు పైకప్పంతా సోలార్ గాజు. ఎండలో కొంత కిందికి వదిలి, మిగతా దానితో కరెంటు చేసే రకం. దాని అంచున వైర్ల జాయింట్ సరిచేస్తూ ఆమె తండ్రి అమృతరాజు షాక్ కొట్టి చనిపోయాడు. శవం ఇంకా పైనే ఉంది. దాని నీడ కింద నేల మీద పడింది. ఎస్సై ప్రేమ ఆ నీడను తొక్కకుండా గోడవారగా నడిచింది.

మెయిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. దానికి ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. బంగారు గనిలో పని చేసిన రోజుల్లో అమృతరాజు తన నంబరు బిళ్ళను ఇలాగే స్విచ్‌కు తగిలించి పనికి దిగేవాడు. బిళ్ళ ఉంటే ఎవరూ ముట్టరు. గని మూతపడినా ఆ అలవాటు పోలేదు.

"స్విచ్ ఎవరు వేసి, మళ్ళా ఆపినారు?" ప్రేమ అడిగింది.

వాచ్‌మన్ శశికుమార్ చేతులు జోడించాడు. "నేను ముట్టలేదు మేడమ్. అందరూ నన్నే అంటా ఉండారు. బయటికి పోతే చంపేస్తారు."

బయట నుంచి సెలీన్ గొంతు. "వాడే! నిచ్చెన కోసం మా నాయనతో నిన్న కొట్లాడినాడు. వదలొద్దండి వాణ్ణి!"

పాటల బృందంలోని జాయ్స్ బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది.

"నువ్వేం చూసినావమ్మా?"

"నీడ, మేడమ్. అంకుల్ నీడ. గిలగిలా కొట్టుకున్నాది. మళ్ళీ కదల్లా."

"అంతకు ముందు?"

"ముందు నీడ యాడుంది? లైట్లు లేవు, పైన అంకుల్ టార్పాలిన్ కప్పినాడు. పాటల పుస్తకమే కనబడలా."

ప్రేమ గొంతు తగ్గింది. "టార్పాలిన్ ఎవరు తీసినారు?"

"సెలీన్ అక్క. ఒక పక్క తొలిగితే చాలని వరండాలో తాడు విప్పింది. గాలికి మొత్తం లేచిపోయింది. వెలుతురొచ్చింది. అప్పుడే..."

నేల మీద ఇంకో నీడ కదిలింది. చెయ్యి చాచి శవం నీడ వైపు జరుగుతోంది.

శవాన్ని దించడానికి ఎక్కిన కానిస్టేబుల్ గిరీశ్!

"గిరీశ్, ఆగు! దేన్నీ ముట్టొద్దు!"

"మెయిన్ ఆఫే కదా మేడమ్?"

"ఆఫే! దిగు ముందు!"

చెయ్యి వెనక్కి పోయింది. ప్రేమ వాచ్‌మన్ వైపు తిరిగింది.

"శశికుమార్, స్విచ్ ఎవరూ వెయ్యలేదు. వెలుతురు పడినంతసేపూ ఈ గాజు వైర్లలో కరెంటు ఉంటుంది, స్విచ్‌తో పని లేదు. అది తెలిసే ఆయన టార్పాలిన్ కప్పినాడు. కప్పి ఉంటే నీడే పడదు. జాయ్స్ నీడను చూసినానంటా ఉంటే మనం స్విచ్‌నే చూస్తా ఉన్నాం."

"మరి తాడు ముట్టొద్దని చెప్పలేదా మేడమ్?"

"బిళ్ళ తగిలిస్తే చాలనుకున్నాడు. తాడుకు బిళ్ళ లేదు."

"ఇంగ నేను ఇంటికి పోవచ్చునా?"

"వెనక తలుపున పో."

ప్రేమ ముందు తలుపు తీసింది. సెలీన్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఒప్పుకున్నాడా మేడమ్? మా నాయన్ను చంపింది వాడే కదా?"

తాడు విప్పిన ఆ చేతులను వదలకుండా ప్రేమ ఆమెను వరండాలో కూర్చోబెట్టింది.