వీపు కింద చెయ్యి

సులోచనకు తన ముక్కు మీద నమ్మకం ఎక్కువ. మధ్యాహ్నం క్యారియర్ మూత తియ్యకముందే ఈమెకు కూర పేరు తెలిసిపోతుందని హిందూపురం కరెంటాఫీసులో తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. వృద్ధాశ్రమాలు చూడబోయినప్పుడు కూడా ఆమె ముందు ముక్కుతోనే చూసేది, తర్వాత చేత్తో. మేనేజర్లు చూపించే పూలకుండీలూ టీవీ గదీ ఆమెకు పట్టేవి కావు. మంచాన పడిన మనిషిని కాస్త ఒత్తిగిలించి, వీపు కింద చెయ్యి పెట్టి చూస్తే అక్కడి సంగతంతా తెలిసిపోతుందని ఆమె లెక్క.

ఆ లెక్క నేర్పింది నాయన వీపు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా ఉన్న రంగనాథ్‌కు ఆరేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఎడమపక్కంతా పడిపోయింది. మాట కూడా ముద్దగా అయిపోయింది. కొడుకు శరత్ ఆ ఊళ్ళోనే ఉన్నాడు గాని, ఇల్లు ఇరుకన్నాడు, పిల్లలు చిన్నవాళ్ళన్నాడు, చివరికి పెళ్ళి కాని అక్క ఉండగా తనకెందుకు అన్నట్టు ఊరుకున్నాడు. నాయన్ను హిందూపురానికి తనే తెచ్చుకుంది. అప్పటినుంచి రాత్రిళ్ళు లేచి లేచి ఆయన పక్క మార్చడమే సులోచన బతుకైంది. ఎప్పుడన్నా ఆదమరిచి నిద్రపోతే తెల్లారేసరికి ఆయన నడుం కింద తోలు ఎర్రగా కందిపోయేది. ఆరో యేడు, రెండువేల మూడులో, వానలు మొదలయ్యేసరికి అది పుండై కూర్చుంది.

మొదట్లో ఆమె ఏడ్చేది. తర్వాత నాయనను కసురుకునేది, కసురుకున్నందుకు ఏడ్చేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. లోపలంతా మొద్దుబారిపోయింది. ఒక్క అలవాటు మాత్రం మిగిలింది. ఆస్పత్రిలో గాని, ఎవరింటి పెళ్ళిలో గాని, ఓపికగా పనిచేసే ఆడమనిషి కనబడితే చాలు, మా యింటికి వస్తావా అక్కా, మా నాయన్ను చూసుకోవాల అని అడిగేసేది. ఎవరూ వచ్చిన పాపాన పోలేదు. అడిగీ అడిగీ ఆ మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేది.

ఎక్కడన్నా ఆశ్రమంలో చేర్చెయ్యమని చివరికి శరతే అన్నాడు. హిందూపురంలో చూసినదాంట్లో గుమ్మంలోనే ఫినాయిల్ గుప్పుమంది. అంత పోశారంటే కింద ఏదో దాస్తున్నారని ఆమె అక్కడినుంచే వెనక్కి తిరిగింది. ధర్మవరంలో ఒక ముసలాయన చేతులు చీరపేలికతో మంచానికి కట్టేసి ఉన్నాయి. ఇక మిగిలింది పెనుకొండది. ఇదీ బాగలేకపోతే మళ్ళీ వెతికే ఓపిక లేదు. బాగుంటే మాత్రం నాయన్ను అక్కడ వదిలేసి రావాలి. ఆ ఆదివారం పక్కింటి ఆదిలక్ష్మిని నాయన దగ్గర కూర్చోబెట్టి, సోమందేపల్లి మీదుగా పోయే బస్సెక్కింది.

కొండ కింద, ఊరికి ఎడంగా, పొడుగాటి పెంకుల హాలు అది. మేనేజరు క్రాంతి కుమార్ ముప్ఫై దాటని మనిషి, అక్కా అంటూ మర్యాదగా లోపలికి తీసుకుపోయాడు. సులోచన గుమ్మంలో ఆగి గట్టిగా ఊపిరి పీల్చింది. ఉచ్చ వాసన లేదు, ఫినాయిల్ లేదు. కాస్త పౌడరు వాసన, అంతే.

రెండు వరసల ఇనప మంచాలు. మధ్యలో గుడ్డ తెర కట్టి, ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. అందరూ గోడవైపుకి ఒత్తిగిలి పడుకొని ఉన్నారు. అందరి మోకాళ్ళ మధ్యనా పాత నీలం చీర గుడ్డతో కుట్టిన చిన్న దిండు ఒకటి ఉంది. ఎముక ఎముకకు ఒరుసుకోకుండా ఆ దిండు పెట్టాలని ఆస్పత్రిలో సులోచనకూ చెప్పారు. పెట్టేవాళ్ళను మాత్రం ఆమె చూడడం ఇదే మొదలు. సులోచన ఒక అవ్వ రవికె పైకి జరిపి వీపు కింద చెయ్యి పెట్టింది. పొడిగా, చల్లగా ఉంది. ఎక్కడా కందిన మచ్చ లేదు. ఇంకొకరిని చూసింది, తెర అవతల ఒక ముసలాయన్ను చూసింది. అందరి వీపులూ అంతే. కన్నకూతురినై ఉండి నేనింత బాగా చూసుకోలేకపోతినే అనిపించి, చాలా రోజుల తర్వాత ఆమెకు కాస్త సిగ్గేసింది.

మూలన చేతికర్రలు గుత్తిగా ఆనించి ఉన్నాయి. వాటికి బూజు పట్టింది.

పనివాళ్ళు ఎంతమందని అడిగితే, వంటామె, ఊడ్చేటామె ఉన్నారని, ఇద్దరూ పొద్దు వాలకముందే ఇళ్ళకు పోతారని క్రాంతి కుమార్ చెప్పాడు.

"మరి వీళ్ళ పక్కలు ఎవరు మారుస్తారప్పా?"

"జరిగిపోతాంటాదిలే అక్కా," అన్నాడు అతను, ఆమె మొహం చూడకుండా.

పక్కనే ఉన్న ఆఫీసు గదిలో ఆమెకు టీ ఇచ్చాడు. హాలుకు ఉన్నది ఒక్కటే తలుపు, అది ఆమె కూర్చున్న కుర్చీకి ఎదురుగానే ఉంది. టీ తాగినంతసేపూ ఆ తలుపులోంచి ఎవరూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. తిరిగి హాల్లోకి వచ్చేసరికి అందరూ కిటికీ వైపుకి తిరిగి ఉన్నారు.

సులోచన క్రాంతి కుమార్ వైపు చూసింది. అతను తల వంచుకొని, మబ్బు పట్టింది అక్కా, వాన తగ్గినాక పోదువులే అన్నాడు.

వాన మొదలయింది. పెంకుల మీద చప్పుడు ఎక్కువై, వీధి దీపాలు వెలిగే వేళకే హాలు మొత్తం నల్లబడిపోయింది. కరెంటు పోయింది. దీపం తెస్తానని అతను వెళ్ళాడు. సులోచన తడుముకుంటూ పోయి, ఒక మంచం పక్కన ఉన్న స్టూలు మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ఆ మంచం మీద రొద్దం నుంచి వచ్చిన నాగేంద్రమ్మ అనే అవ్వ ఉంది. తడిసిన మన్ను వాసన కిటికీలోంచి వస్తోంది. దాని వెనకే పౌడరు వాసన...

హాలు ఆ చివర మంచం ఒకటి కిర్రుమంది. తర్వాత ఒక నిట్టూర్పు. దాని పక్క మంచం కిర్రుమంది. మళ్ళీ నిట్టూర్పు.

"నరసక్క వస్తాండాది," అంది నాగేంద్రమ్మ గుసగుసగా. "కదలద్దు పాపా."

"ఎవరవ్వా?"

"ఈడ ఆయాగా ఉన్నింది. మమ్మల్నంతా తిప్పేది. ఆమె పడిపోయినప్పుడు ఆమెను తిప్పేవాళ్ళు లేకపోయిరి. ఆ కడాకు ఉండే మంచంలోనే వీపంతా పుండై చచ్చిపాయ."

మంచాలు ఒకటొకటిగా కిర్రుమంటూ దగ్గరికి వస్తున్నాయి. అడుగుల చప్పుడు లేదు. భయపడాలని సులోచనకు తెలుసు. భయం వచ్చే చోటు మొద్దుబారిపోయి ఉంది. వచ్చిన పని మాత్రం గుర్తుంది.

"బాగా చూసుకుంటాదా?" అని అడిగింది.

"చానా బాగా." అవ్వ కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను బస్సు దిగి నడుచుకుంటా వచ్చినా పాపా. అందురూ నడుచుకుంటా వచ్చినోళ్ళే. మేము లేసేది ఆమెకు ఇష్టం లేదు."

పక్క మంచం కిర్రుమంది... ఆగింది.

నాగేంద్రమ్మ మంచం కిర్రుమంది. చీకట్లో ముసలి ఒళ్ళు మెల్లగా అటు తిరిగిన చప్పుడు. దిండు సర్దిన చప్పుడు. నిట్టూర్పు.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

సులోచన వీపుకూ గోడకూ మధ్యకు ఒక చెయ్యి వచ్చింది.

చల్లటి చెయ్యి. పని తెలిసిన చెయ్యి. నొప్పి ఎక్కడుందో వెతికినట్టు మెడ కింద నుంచి నడుం దాకా వచ్చి, అక్కడ ఆగి, ఆమె బరువంతా తన మీదకు తీసుకుంది. ఆరేళ్ళలో తనను ఎవరూ ఇలా పట్టుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. అరవాలనిపించలేదు. ఆ చేతి మీద వాలి ఏడవాలనిపించింది గాని ఏడుపు రాలేదు. చావింట్లో ఎవరినీ రమ్మని పిలవగూడదని, పిలిస్తే చచ్చినవాళ్ళు వెంట వస్తారని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా అలవాటైన నోరు ఆగలేదు.

"మా యింటికి వస్తావా అక్కా," అంది మెల్లగా. "మా నాయన్ను చూసుకోవాల."

చెయ్యి కదలకుండా ఉంది. తర్వాత లేదు.

క్రాంతి కుమార్ లాంతరు పట్టుకొని వచ్చాడు. అందరూ గోడవైపుకి తిరిగి ఉన్నారు. అతను సులోచనను గేటు దాకా దిగబెట్టాడు. తమ్ముడితో మాట్లాడి చెప్తానని ఆమె అంది గాని, నాయన్ను ఇక్కడికి తీసుకురాకూడదని అప్పటికే నిశ్చయించుకుంది. ఆయన కుడిచెయ్యి ఇంకా పనిచేస్తోంది. గ్లాసు తనే పట్టుకొని తాగుతాడు. ఆ ఒక్కటీ పోగొట్టుకోడం ఆమెకు ఇష్టం లేదు.

"ఆమెతో ఏమీ మాట్లాడలేదు కదక్కా?" అని గేటు దగ్గర అడిగాడు అతను.

లేదంది సులోచన.

ఇంటికి చేరేసరికి ఆదిలక్ష్మి కునికిపాట్లు పడుతోంది. నాయనకు మందేసి, పక్క మార్చి, పడుకుంది. నడిరేయి లేవాల్సింది లేవలేదు. కళ్ళు తెరిచేసరికి బారెడు పొద్దెక్కింది. నాయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన గోడవైపుకి తిరిగి పడుకొని ఉన్నాడు. వీపు కింద చెయ్యి పెట్టింది. పొడిగా, చల్లగా, పౌడరు వాసనతో...

ఆ వారం ఆమె రోజూ నిద్రపోయింది. పుండు మానుతూ వచ్చింది. కట్టు మార్చే కాంపౌండరు, భలే చూసుకుంటాండావమ్మా అని మెచ్చుకున్నాడు. ఆమె తలూపింది. శరత్ ఫోను చేస్తే ఆశ్రమం ఊసే వద్దంది. సంతోషమా అంటే, అదీ తెలియలేదు. నిద్ర ఒక్కటే తెలిసింది.

ఒక ఉదయం నాయన చేతిలోంచి గ్లాసు జారి పడింది. ఆయన తన కుడిచేతి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ముద్ద మాటతోనే, ఒక్కొక్క అక్షరమే కూడగట్టుకొని, "పంపిం...చేయి" అన్నాడు.

ఆమెకు అర్థమయింది. పిలిచిన నోరే పొమ్మనాలి. నరసక్కా, ఇంక చాలు, నువ్వు పో అని గట్టిగా అనాలి. అంతే. మూకుడు పొయ్యి మీద పెట్టి ఆలోచించింది. మళ్ళీ ఆ రాత్రులు గుర్తొచ్చాయి. రేపు చెబుతాలే అనుకుంది. మరుసటి రోజూ అలాగే అనుకుంది. నాయన మళ్ళీ అడగలేదు. ఆయన నోరు కూడా అప్పటికే పడిపోయింది.

శ్రావణమాసం మొదట్లో ఒక తెల్లవారుజామున సులోచనకు మెలకువ వచ్చింది. రాత్రి వెల్లకిలా పడుకున్న మనిషి గోడవైపుకి తిరిగి ఉంది. దుప్పటి నలగకుండా చుట్టూ మడిచి ఉంది. ఆఫీసుకు పోవాలి, లేవాలి అనుకుంది. కాళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నట్టున్నాయి. నొప్పి లేదు. పైగా హాయిగా ఉంది. ఇంకాసేపు పడుకుందాం అనుకుంది, పొద్దెక్కినాక కూడా అలాగే అనుకుంది. ఆదిలక్ష్మి తలుపు తట్టి తట్టి పోయింది.

ఎండ నేరుగా కళ్ళలో పడింది. అప్పుడు గాని తను కిటికీ వైపుకి తిరిగి ఉన్నట్టు ఆమెకు తెలియలేదు. అవతల మంచం మీద నాయన కూడా కిటికీ వైపుకే తిరిగి ఉన్నాడు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు దిండ్లే, రెండూ తెల్లవి, రెండూ తలల కింద ఉన్నాయి. మోకాళ్ళ మధ్య మెత్తగా ఉన్నదేమిటోనని ఆమె చూపు మాత్రం కిందికి దించింది. నీలం గుడ్డ అంచు కనబడింది. కుట్టు కొత్తది, దారం ఇంకా తెంపలేదు.